వెలుతురు దాటని అట్ట

"మళ్ళ ఇరికిందా?"

లోపలి గుమ్మంలో నిలబడి అక్కమ్మ అడిగిన తీరు చూస్తే, మిషనులో ఇరుక్కున్నది అట్టముక్క కాదు, ఆమె ప్రాణమే అనుకోవాలి.

కోడలు కృప జెరాక్సు మిషను పక్కతలుపు తెరిచి, మోచేతి దాకా చేయి లోపలికి పెట్టి, నలిగిన అట్టను కొద్దికొద్దిగా లాగుతోంది. గట్టిగా లాగితే చిరుగుతుంది. చిరిగితే ముక్క లోపలే ఉండిపోతుంది. ఇక సంగారెడ్డి నుంచి మెకానిక్ రావాలి. అతను వచ్చేసరికి కొత్త సంవత్సరం కూడా వచ్చి వెళ్ళిపోతుంది.

"చెప్పవేందే? ఇరికిందా లేదా?"

"ఇరికింది అత్తా. నువ్వు చెప్పిన మందం పెడితే ఇరుకకుంట ఏమైతది?"

"మందానిది తప్పా, మిషినిది తప్పా?"

"ఎవ్వరిది తప్పు కాదు. గా అట్ట వంగది. గీ మిషిని వంచకుంట ఊకోదు."

కృప మిషను గురించే అంది. అక్కమ్మ మాత్రం తనను అన్నదనుకుని మూతి ముడుచుకుంది.

ఆ ఇంటి ముందుగదే దుకాణం. బస్టాండు రోడ్డు వైపు షట్టరు, ఇంట్లోకి ఒక గుమ్మం. ఆ గుమ్మానికి చెరోపక్క నిలబడి అత్తాకోడళ్ళు పోట్లాడుకోవడం నారాయణఖేడ్‌కు కొత్త కాదు. జెరాక్సుకు వచ్చినవాళ్ళు కాసేపు విని, తమ కాగితాలు తీసుకుని పోతుంటారు. కానీ వారం రోజులుగా ఆ పోట్లాటలో వెనకటి సరదా లేదు. ప్రతి మాట వెనకా ఇంకో మాట నక్కి కూర్చుంటోంది.

దీనికంతటికీ మూలం వాగ్దాన కార్డులు.

కొత్త సంవత్సరం ఆరాధనలో మందిరమంతా ఒక బుట్ట తిరుగుతుంది. ఒక్కొక్కరూ కళ్ళు మూసుకుని ఒక కార్డు తీసుకుంటారు. దాని మీద ఏ వాక్యం ఉంటే అది ఆ ఏడాదికి దేవుడు వాళ్ళకిచ్చిన మాట. మిగతా ఇళ్ళలో దాన్ని గోడకు అంటించి ఊరుకుంటారు. అక్కమ్మ భర్త పీటర్ ఇంట్లో మాత్రం దాన్ని పట్టుకుని సంసారం నడుపుతారు. ఒక ఏడు ఆయనకు నీటి ఊటల మాట వచ్చిందని సిర్గాపూర్ దగ్గరి చేనులో బోరు వేయించాడు. దుమ్ము తప్ప ఏమీ పడలేదు. అయినా ఆయన కార్డును పల్లెత్తు మాట అనలేదు. బోరు లారీవాడికి విశ్వాసం చాలలేదన్నాడు.

నిరుడు బయట నుంచి తెప్పించిన కార్డులు మరీ పలచన. ట్యూబులైటుకు ఎదురుగా ఎత్తితే వెనక నుంచే అక్షరాలు కనబడ్డాయి. జనం కళ్ళు మూసినట్టే మూసి, రెప్పల సందులోంచి చూసి మంచి మాటలు ఏరుకున్నారు. కిష్టవ్వ అయితే చేతికొచ్చినదాన్నల్లా ఎత్తి చూడడం, మళ్ళీ బుట్టలో వేయడం. "దేవునితోని బేరమాడుతున్నరా?" అని అక్కమ్మ మందిరంలోనే గొంతెత్తి అరిచింది. ఆ అరుపు మూలానే ఈసారి కార్డులు అచ్చువేసే పని ఆమె కోడలి చేతికి వచ్చింది. దేవానందం పాస్టరు ఒక్కటే షరతు పెట్టాడు. అట్ట మందంగా ఉండాలి, వెలుతురు దాన్ని దాటకూడదు.

ఇంతవరకూ బాగానే ఉంది. పోయిన ఆదివారం అన్నం ముందు కూర్చుని పీటర్ తన షరతు కూడా కలిపాడు. కృప భర్త సైమన్ పటాన్‌చెరు ఫ్యాక్టరీలో పనిచేస్తూ అక్కడే ఉంటాడు.

"కృప పటాన్‌చెరు పోవుడా, ఈడ ఉండుడా, గీ మాట కార్డే చెప్పాలె," అన్నాడు. "ప్రయాణం మాటొస్తే దుకాణం బంద్ చేసి సైమన్ తానకు పోతది. ఇల్లు, భూమి అనే మాటొస్తే ఈడనే ఉంటది. ఇగ ఎవ్వరు ఎదురు మాట్లాడొద్దు."

"రెండూ గాని మాటొస్తే?" అంది కృప.

"పాస్టరు అర్థం చెప్తడు."

అట్లా తన తలరాతను తానే అచ్చువేసే పనిలో కూర్చుంది కృప.

నలిగిన అట్ట చివరికి ఒక్క ముక్కలో బయటికొచ్చింది. కృప గట్టిగా ఊపిరి వదిలింది. అప్పుడే పీటర్ మెడలో మఫ్లరు సవరించుకుంటూ దుకాణంలోకి వచ్చాడు. బయట మంచు ఇంకా విడిపోలేదు. రోడ్డు అవతలి టీ బండి పొగా, మంచూ కలిసిపోయి, కల్హేర్ బస్సు ఎక్కడో దూరంగా హారన్ కొడుతోందే తప్ప కనిపించడం లేదు.

"సైమన్ పొద్దుగాల ఫోన్ చేసిండు," అన్నాడు పీటర్.

కృప చేతిలో అట్ట ఆగింది. ఆమె ఆ మాట విననట్టే ఉండాలనుకుంది కానీ చేతులు వినలేదు.

"ఏమన్నడు?" అంది అక్కమ్మ.

"ఏమంటడు? మొన్నన్నదే. జర పెద్ద రూము చూసిండట. కృపను జల్దీ రమ్మంటుండు."

"నాకెందుకు చెయ్యడు మామా?"

"నువ్వు చేస్తున్నవా వానికి?"

పీటర్ తన మఫ్లరు మరోసారి సవరించుకుని, బండి తీసుకుని చేనువైపు వెళ్ళిపోయాడు.

దసరాకు సైమన్ వచ్చినప్పుడు కృప ఒక కొత్త రంగుల ప్రింటరు కొని తెచ్చింది. "నన్నొక్క మాట అడుగొద్దా?" అన్నాడతను. "నువ్వీడ ఉంటే గద అడుగుడు," అంది కృప. అన్న మరుక్షణమే ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించింది. ఫ్యాక్టరీలో పగలూ రాత్రీ షిఫ్టులు చేసేవాడు ఊళ్ళో ఎట్లా ఉంటాడు? అతను తినకుండానే పొద్దుటి బస్సెక్కాడు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటలు బంద్. అతని మాట పీటర్ ఫోనులోకి వస్తుంది, ఈమె మాట పీటర్ నోట వెళుతుంది.

ఆ ప్రింటరు ఇప్పటికీ బల్ల కింద డబ్బాలోనే ఉంది. సైమన్ వస్తేనే విప్పుతానని కృప పట్టుబట్టింది. సీలు ఊడకపోతే కొన్నచోట వెనక్కి తీసుకుంటారు. తాను పటాన్‌చెరు పోయేదుంటే దాన్ని వెనక్కి ఇచ్చి పోవచ్చు. విప్పితే మాత్రం ఇక ఇక్కడే.

అందుకే వారం రోజులుగా పాత మిషనుతో కుస్తీ.

పాత మిషను కింది ట్రేలో పెట్టిన కాగితం రోలరు చుట్టూ మెలిక తిరిగి పైకి రావాలి. మామూలు కాగితానికి అది ఆట. అక్కమ్మ అడిగిన మూడువందల జీఎస్ఎం మందమున్న అట్ట ఆ మెలిక తిరగలేదు. కృప పక్కట్రే దించింది. వెనక మూత కూడా తెరిచింది. ఇట్లా చేస్తే అట్ట ఈ పక్క నుంచి పోయి ఆ పక్క నుంచి తిన్నగా వస్తుంది. అయినా మూడువందలది సగంలో ఆగి మూలిగింది.

"జర నూనె పెట్టు బిడ్డా," అన్నాడు బోరంచ నుంచి పాసుబుక్కు జెరాక్సు కోసం వచ్చిన సంగప్ప.

"దీనికి నూనె పెట్టరు సంగప్పన్నా."

"మోటరుకు పెడ్తరు, బండికి పెడ్తరు, దీనికేం పాపం?"

కృపకు వారం తర్వాత మొదటిసారి నవ్వొచ్చింది. సంగప్ప తన సలహాకు దక్కిన గౌరవం చాలనుకుని, కాగితాలు చంకలో పెట్టుకుని మంచులోకి నడిచాడు.

ఇక మిగిలింది మందం తగ్గించడమే. కృప కాగితాల దుకాణం నుంచి తెచ్చిన నమూనాలన్నీ బల్ల మీద పరిచింది. నూటడెబ్బై జీఎస్ఎంది అక్కమ్మకు ఇచ్చింది. అక్కమ్మ దాన్ని ట్యూబులైటుకు ఎత్తి, "గిది పెండ్లి పిల్ల ముసుగు లెక్కుంది, అంత కనవడుతుంది," అని పక్కన పడేసింది. రెండువందల ఇరవైది ఎత్తి, "నీడ తెలుస్తుంది," అంది. రెండువందల యాభైది చాలాసేపు తిప్పి తిప్పి చూసి, ఒక కన్ను మూసి, రెండో కన్ను మూసి, చివరికి ఒప్పుకోలేక ఒప్పుకుంది.

"మందిరంల లైట్లకు చాలు. ఎండకు చాలదు."

"ఆరాధన ఎండల చెయ్యరు గదత్తా."

రెండువందల యాభైది పక్కట్రే నుంచి పోయి, వెనక నుంచి వేడివేడిగా వచ్చింది. కృప దాన్ని రెండు చేతులా పట్టుకుంది. ఆ వెచ్చదనం ఆమె అరచేతుల్లోంచి పైకి పాకింది. వారం రోజుల చలి ఒక్కసారిగా తగ్గినట్టనిపించింది.

*

మధ్యాహ్నానికి మంచు విడిపోయి పెరట్లో లేత ఎండ వచ్చింది. కృప ప్రతి వాక్యానికీ ఒక షీటు తీసి, కట్టరుతో కార్డులు కోసి, నులకమంచం మీద పరిచి ఆరబెట్టింది. ఆమె కూతురు బడికి పోయింది. పక్కింటివాళ్ళు కందులు చెరుగుతున్న చప్పుడు ఒక లయలో వినిపిస్తోంది. చేటలోంచి లేచిన పొట్టు గోడ దాటి వచ్చి ఎండలో మెల్లగా తిరుగుతోంది.

మంచం పక్కన కూర్చుని కృప కళ్ళు మూసుకుంది.

ఊరికే. ఆ రోజు ఎట్లా ఉంటుందో చూద్దామని. మందిరంలో పాట అవుతోంది, బుట్ట తన ముందుకొచ్చింది, తను చేయి పెట్టింది. వేళ్ళకు ఒక కార్డు తగిలింది. దాని అంచు పిల్లి వీపు ఎత్తినట్టు కొద్దిగా పైకి లేచి ఉంది. పైన అచ్చు నున్నగా, జారుతూ ఉంది.

కళ్ళు తెరిచింది. భూమి మాట.

మళ్ళీ కార్డులు కలిపి కళ్ళు మూసుకుంది. ఒకటి సాపుగా తగిలింది, వదిలేసింది. ఇంకొకటి సాపు, వదిలేసింది. మూడోది పైకి లేచి ఉంది. తీసి చూసింది. మళ్ళీ భూమి మాటే.

ప్రయాణం మాట కార్డు ఒకటి తీసి దాని పక్కన పెట్టి చూసింది.

తప్పు తనదే, కానీ తెలిసి చేసింది కాదు. ఒక్కో వాక్యానికి ఒక్కో బొమ్మ పెట్టింది. ప్రయాణం మాటకు తెల్లటి ఆకాశం కింద సన్నటి బాట పెట్టింది. ఇల్లు, భూమి మాటకు తను ఫోనులో తీసుకున్న బొమ్మ పెట్టింది, అప్పుడే దున్నిన తమ నల్లరేగడి చేను. అట్టంతా ఆ నలుపే. పాత మిషను పొడిరంగును వేడితో కరిగించి అంటిస్తుంది. ఎంత నలుపుంటే అంత పూత. పూత ఉన్నవైపు చల్లారి బిగుసుకున్నకొద్దీ మందపు అట్ట వంగుతుంది. వెలుతురు దాటని అట్టలోంచి వేలికొసలు దాటిపోతున్నాయి.

ఈ ఊళ్ళో ఈ సంగతి తెలిసింది తన ఒక్కదానికే. కొత్త సంవత్సరం నాడు బుట్టలో చేయి పెడితే చాలు. ఎవరూ ఏమీ అనరు. దేవుడే ఉండమన్నాడంటారు. దుకాణం ఉంటుంది.

కృప మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఈసారి బుట్ట రాలేదు. తను ఎన్నడూ చూడని పటాన్‌చెరు రూము వచ్చింది. రేకుల కప్పు, కిటికీకి కట్టిన తీగ, దాని మీద తడిచొక్కా. సైమన్ నేల మీద కూర్చుని ఒక్కడే తింటున్నాడు. అతని వేళ్ళు కలపడం కోసం కాకుండా ఏదో వెతకడం కోసం అన్నంలో తిరుగుతున్నాయి. తను గుమ్మంలో నిలబడి పిలుస్తోంది. అతను తలెత్తడం లేదు. చొక్కా నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, ఆ నీళ్ళలో రూమంతా మెల్లగా తేలుతోంది.

సైమన్ కావాలి. దుకాణం కావాలి. ఈ రెండూ ఒక్కచోట రాసి ఉన్న కార్డు దేవానందం పాస్టరు ఇచ్చిన వాక్యాల్లో ఎక్కడా లేదు.

"ఎండల కూసొని కండ్లు మూసుకున్నవ్. పానం మంచిగ లేదా?"

అక్కమ్మ చల్లటి చేయి ఆమె నుదుటి మీద పడింది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవాలనుకుంది కృప. కానీ పోట్లాడే మనిషి నుదురు పట్టుకుని చూస్తే అబద్ధం నోటికి రాదు. రెండు కార్డులు తీసి ఆమె చేతుల్లో పెట్టింది.

"కండ్లు మూసుకో అత్తా."

ప్రార్థనకు తప్ప పగటిపూట కళ్ళు మూయని అక్కమ్మ మూసుకుంది. బొటనవేళ్ళతో కార్డులు తడిమింది.

"గిది లేసింది. గిది సాపుగుంది."

"లేసింది భూమి మాట. సాపుగున్నది బాట మాట."

అక్కమ్మ కళ్ళు తెరవలేదు. కందుల చేట చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది. తిట్ల కోసం కృప ఎదురుచూసింది. నిరుడు మందిరం దద్దరిల్లేలా అరిచిన నోరు ఇప్పుడు ఇంకెంత అరుస్తుందో అనుకుంది.

"ఇంకెవ్వరికన్న ఎర్కనా?" అంది అక్కమ్మ.

"లేదు."

"అయితే గివే ఉండనియ్యి."

కృప తాను సరిగా విన్నదో లేదో అనుకుంది. "అత్తా! నిరుడు ఒర్లింది నువ్వే గద?"

"నిరుడు ఊరంత దొంగలు. ఇప్పుడు నా కోడలొక్కతే."

"వారం సంది మందం మందమని నా పానం తీసినవ్. నన్ను పంపనీకే తీస్తున్నవనుకున్న."

"పంపొద్దనే తీసిన." అక్కమ్మ ఇప్పుడు కళ్ళు తెరిచింది. "బుట్ట మోసేటోడు మీ మామ. అట్ట పలచగుంటే ఏది ఏదో గాయనకు కనవడుతది. కనవడితే నీ చేతికి ఏది తగిలిస్తడో నాకు ఎర్కలేదు."

"మామ ఎందుకట్ల చేస్తడు?"

"మీరిద్దరు చెరో ఊర్ల ఉండి మాట్లాడుకోకుంటే గాయనకు మంచిగనిపిస్తలేదు." అక్కమ్మ మంచం మీది కార్డులన్నీ ఒకచోటికి దోసి, ఏ పనీ లేని చేత్తో మళ్ళీ విడదీసింది.

"నువ్వు పోతే," అంది, "గా గుమ్మంకాడ నిలవడి నేనెవ్వరితోని కొట్లాడాలె?"

కృప ఆమెను వింతగా చూసింది. పెళ్ళై వచ్చిన నాటి నుంచి ఈ మనిషి తనను ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. పండుగకు వండిన కూర కూడా "తినచ్చు" అనే అంటుంది. ఆ క్షణంలో కృపకు అత్త మీద ఇంత ప్రేమ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియలేదు.

ప్రేమ వచ్చింది కదా అని మాట వింటుందనుకుంటే కృప సంగతి తెలియనట్టే.

"నాకు దొంగ కార్డు వద్దత్తా."

"దొంగదెట్లయితది? అందరు తీసే బుట్టల్నే తీస్తవ్."

"అందరికి కండ్లు మూసుకుంటే ఏం తెల్వదు. నాకు తెలుస్తది. రేపు ఏడాదంత గోడకు పెట్టుకొని దాని మొఖం ఎట్ల చూడాలె?"

"పిచ్చి పోరీ, మరి బాట మాటొస్తే పోతవా?"

"ఎర్కలేదు."

"ఎర్కలేదంట! దుకాణం ఎవ్వరు పెట్టిన్రు? నువ్వు. గీ మిషిని ఎవ్వరు తెచ్చిన్రు? నువ్వు. ఇప్పుడు ఎర్కలేదంట!"

అరుపు మామూలు స్థాయికి వచ్చేసింది. గోడ అవతల చేట చప్పుడు వినడం కోసమే ఆగినట్టుంది. కృప లేచి, ఆ కార్డులన్నీ కుప్పగా ఎత్తుకుని దుకాణంలోకి నడిచింది. వాటిని చెత్తబుట్టలో వేసి, బల్ల కింద కూర్చుని, కొత్త డబ్బా ముందుకు లాగింది. దాని మీది సీలు టేపును గోటితో ఒక చివర లేపింది.

"కృపా!" అంది వెనకే వచ్చిన అక్కమ్మ. "సైమన్ వస్తెనే ఇప్పుతనంటివి."

"వచ్చినప్పుడు రానియ్యి."

టేపు ఊడిన చప్పుడు గదంతా వినిపించింది.

*

ఆ తర్వాతి గంట కృపకు కలలోలాగా గడిచింది. సీసాల్లోంచి నలుపు, నీలం, ఎరుపు, పసుపు రంగులు ఒక్కొక్కటి ట్యాంకుల్లోకి గుటగుటమని దిగుతుంటే అక్కమ్మ వంగి చిన్నపిల్లలా చూసింది. ఈ ప్రింటరుకు కాగితం వెనక నుంచి నిలువుగా పెట్టాలి. మెలిక లేదు, వేడి లేదు. పెట్టిన అట్ట తిన్నగా జారి ముందుకు వస్తుంది. మూడువందల జీఎస్ఎం కూడా తీసుకుంటుంది, కాకపోతే ఒక్కొక్కటే, నింపాదిగా.

మొదట మెరిసే ఆర్టు కార్డు పెట్టింది. బొమ్మ అందంగా వచ్చింది. అక్కమ్మ దాన్ని ముట్టుకోగానే చేను సగం ఆమె బొటనవేలికి అంటుకుంది. నున్నటి అట్ట ఈ తడిరంగును పీల్చుకోదు. అక్కమ్మ వేలిని చెంగుకు తుడుచుకుంటూ, "గీ పంట నాకే పండింది," అంది.

తరువాత మెరుపు లేని ఐవరీ కార్డు పెట్టింది. కంప్యూటరులో మందపాటి కాగితం అని చెప్పి, మీట నొక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అట్ట ఒక్క క్షణం తటపటాయించి లోపలికి దిగింది. ప్రింటరు అటూ ఇటూ మెల్లగా ఊగుతూ గుసగుసలాడింది. ముందు ఆకాశం వచ్చింది, తరువాత గట్టు, తరువాత చాలు వెంట చాలుగా నల్లటి నేల వచ్చింది. తను ఎన్నిసార్లు నడిచిన నేల! అట్ట చల్లగా, పలకలా సాపుగా ఆమె చేతిలోకి దిగింది.

అక్కమ్మ ఆరిన కార్డు పట్టుకుని రోడ్డు మీదికే వెళ్ళింది. సూర్యుడికి ఎదురుగా ఎత్తింది. ఒక కన్ను, రెండో కన్ను. ఏమీ కనబడలేదు. బాట కార్డూ, భూమి కార్డూ తెచ్చి కళ్ళు మూసుకుని తడిమింది. కృప కూడా తడిమింది. ఇద్దరికీ తెలియలేదు.

వారం రోజులుగా కుదరని పని అనుకున్నట్టు కుదిరినందుకు కృపకు ఏడవాలన్నంత సంతోషం కలిగింది. దాని వెంటే భయం వచ్చింది. ఇక తన వేళ్ళకు ఏమీ తెలియదు.

"ఇగ దేవుడే చెప్పాలె," అంది అక్కమ్మ నీరసంగా.

"దేవుడు చెప్పేది చెప్తడు అత్తా. గీ ఇంట్ల అందరు కార్డును అడుగుతున్నరు. నీకేం కావాలె కృపా అని నన్నెవ్వరు అడుగలే. నేను గూడ సైమన్‌ను అడుగలే."

ఫోను తీసింది. ఆ పేరు మీద వేలు పెట్టడానికి, ఇందాక టేపు ఊడదీయడం కన్నా ఎక్కువ ధైర్యం కావలసి వచ్చింది. రింగు మోగుతున్నంతసేపూ ఎత్తకపోతే బాగుండునని ఒకసారి, ఎత్తితే బాగుండునని ఒకసారి అనుకుంది.

"కృపా?"

అంతే. ఇన్నాళ్ళ తరువాత ఆ ఒక్క పిలుపు విని ఆమె కళ్ళు నిండాయి. వెనక ఎక్కడో మిషన్ల మోత వినిపిస్తోంది. అతను బయటికి నడిచినట్టున్నాడు, మోత తగ్గింది.

"ప్రింటర్ ఇప్పిన," అంది.

"మంచిగ నడుస్తుందా?" అన్నాడు సైమన్.

"నడుస్తుంది. మందం అట్ట గూడ తీసుకుంటుంది." కృప గొంతు సర్దుకుంది. "నేను దసరాకు అన్న మాట తప్పు. గట్ల అనొద్దుండె. కని ఇప్పుడు నేను చెప్పేది జర ఇను. నాకు దుకాణం బంద్ చెయ్యబుద్ధి అయితలేదు. నువ్వు కావాలె, గిది గూడ కావాలె. నువ్వు రమ్మంటున్నవని మామ రోజు చెప్తుండు. నాకు రాబుద్ధి లేదు. కార్డుల ఏమొచ్చినా గిదే నా మాట."

అన్నీ ఒక్క గుక్కలో అనేసి, బల్ల అంచు పట్టుకుని నిలబడింది. అక్కమ్మ దగ్గరికి జరిగి ఫోను వైపు చెవి పెట్టింది.

"నేను రమ్మన్ననా?" అన్నాడు సైమన్.

"రమ్మనలేదా?"

"నేనెప్పుడు రమ్మన్న కృపా? నువ్వే వస్తనంటున్నవని నాయిన చెప్పిండు. ఒక్కదానికి చాతనైతలేదు, దుకాణం తీసేస్తనంటుంది, రూము చూడుమంటుంది అన్నడు. గందుకే పెద్ద రూము చూస్తున్న. గా దుకాణం నువ్వెట్ల ఇడిచి పెడ్తున్నవా అని నాకు నిద్ర పడ్తలేదు."

కృప మెల్లగా అత్త వైపు తిరిగింది. ఫోనులోని ప్రతి మాటా ఆమెకూ వినబడింది. అక్కమ్మ ఆశ్చర్యపోలేదు. తల దించుకుని, బొటనవేలికి మిగిలిన నల్లమరకను చెంగుతో రుద్దుకుంటూ ఉండిపోయింది.

బయట బండి ఆగిన చప్పుడైంది. పీటర్ మఫ్లరు విప్పుకుంటూ షట్టరు కిందికి వచ్చాడు. కొత్త ప్రింటరును చూశాడు. నేల మీద ఖాళీ డబ్బాను చూశాడు. ఆయన ముఖంలో ఏదో రంగు వచ్చి పోయింది. అంతలోనే తేరుకుని నవ్వాడు.

"కార్డులు ఏడిదాంక వచ్చినయ్ బిడ్డా?"

కృప ఫోనును చెవి నుంచి తీసి, ఆయన ముందుకు చేయి చాపింది.

"సైమన్ ఉన్నడు మామా. నేను ఏమన్ననని చెప్పినవో, గది ఇంకోపారి చెప్పు. ఈసారి నేను గూడ వింట."

పీటర్ చేయి ముందుకు రాలేదు. ఆయన ఫోనును చూస్తూ నిలబడ్డాడు. అందులోంచి సైమన్ గొంతు సన్నగా, "నాయినా... నాయినా..." అని పిలుస్తూనే ఉంది.